దయావీరులు

పాఠ్యభాగ ఉద్దేశం

వీరత్వం అనగానే యుద్ధరంగం, శత్రుసంహారం, విజయధ్వజం స్ఫురించడం సహజం. కాని ఎవరినీ చంపకుండా, ఎవరి మీదా గెలవకుండా, కేవలం పరుల ప్రాణాలను నిలపడానికి తమ ప్రాణాలను పణంగా పెట్టేవారు కూడా వీరులే. తుపాను వేళ సముద్రంలో చిక్కుకున్న ఆపన్నులను కాపాడబోయిన కొందరి చరిత్రల ద్వారా ఈ వీరత్వ స్వరూపాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం, ఫలితం దక్కని త్యాగానికి విలువ ఏమిటన్న ప్రశ్నను వారిచేత ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మన ఆలంకారికులు వీరరసానికి ఉత్సాహాన్ని స్థాయీభావంగా చెప్పారు. ఇక్కడ ఉత్సాహమంటే సంబరం కాదు. ఎంత కష్టమైన కార్యానికైనా వెనుదీయని స్థిరమైన మనఃప్రవృత్తి. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు వీరాన్ని దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం, దయావీరం అని నాలుగు విధాలుగా విభజించాడు. కర్ణుడు దానవీరుడు, ధర్మరాజు ధర్మవీరుడు. దయావీరానికి ఉదాహరణగా శ్రీహర్షుని 'నాగానందం' నాటకంలోని జీమూతవాహనుడిని పేర్కొంటారు. గరుత్మంతునికి ఆహారం కావలసిన శంఖచూడుడనే నాగకుమారుని రక్షించడానికి జీమూతవాహనుడు వధ్యశిలపై తానే కూర్చున్నాడు. శంఖచూడుడు అతనికి బంధువు కాడు, స్నేహితుడు కాడు. అపాయంలో ఉన్న ప్రాణి, అంతే. ఆ ఒక్క సంబంధమే అతనికి చాలింది.

జీమూతవాహనుడు కావ్యజగత్తుకు చెందినవాడు. అటువంటివారు లోకంలో నిజంగా ఉంటారా అన్న సందేహం కలగవచ్చు. ఉంటారనడానికి సముద్ర చరిత్రయే సాక్ష్యం. యుద్ధంలో యోధునికి కోపం తోడుంటుంది. గెలిస్తే కీర్తి, రాజ్యం దక్కుతాయి. తుపాను సముద్రంలోకి పడవ నడిపేవానికి కోపగించుకోవడానికి శత్రువు లేడు. దక్కించుకోవలసిన రాజ్యమూ లేదు. అతనిని ముందుకు నడిపేది దయ ఒక్కటే.

దీపస్తంభం కుమార్తె

బ్రిటన్ ద్వీపాల చుట్టూ ఉన్న సముద్రం ఓడలకు అత్యంత ప్రమాదకరమైనది. జలాంతర్గత శిలలు, దట్టమైన పొగమంచు, శీతకాలపు పెనుగాలులు అక్కడ ఎన్నో నౌకలను బలిగొన్నాయి. ఈ దుఃస్థితిని చూచి చలించిన సర్ విలియం హిల్లరీ అనే ఉదారుని ప్రయత్నంతో 1824లో సముద్ర ప్రమాదాలలో ప్రాణరక్షణకై ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అదే నేటి రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. హిల్లరీ సలహాలు చెప్పి ఊరుకున్నవాడు కాడు. స్వయంగా పడవ ఎక్కి రక్షణ కార్యాలలో పాల్గొన్నాడు. ఈ సంస్థ ప్రధానంగా ప్రజల విరాళాలతో నడుస్తుంది. దీని పడవలపై వెళ్ళేవారిలో అధికులు స్వచ్ఛంద సేవకులు. పగలు చేపలు పట్టేవారు, దుకాణాలు నడిపేవారు, కూలిపని చేసేవారు. పిలుపు వినిపిస్తే పని వదలి పడవ వద్దకు పరుగెత్తుతారు.

1838 సెప్టెంబరు 7వ తేదీన 'ఫోర్ఫార్‌షైర్' అనే ఆవిరి ఓడ ఇంగ్లండు ఈశాన్య తీరాన ఫార్న్ దీవుల వద్ద బండకు కొట్టుకొని రెండుగా చీలిపోయింది. లాంగ్‌స్టోన్ దీపస్తంభాన్ని కనిపెట్టుకొని ఉండే విలియం డార్లింగ్ కుమార్తె గ్రేస్‌కు నాడు ఇరవైరెండేళ్ళు. తెల్లవారుజామున కిటికీ నుండి చూచిన ఆమెకు దూరాన బండపై కదలాడుతున్న మనుషులు కనిపించారు. తండ్రీకూతుళ్ళు ఒక చిన్న తెడ్ల పడవలో ఆ అలలను దాటి వెళ్ళారు. తండ్రి బండపైకి దూకి బాధితులను పోగుచేస్తున్నంతసేపూ, రాళ్ళకు తగిలి ముక్కలు కాకుండా పడవను నిలిపింది ఆమె ఒక్కతే. రెండు ప్రయాణాలలో తొమ్మిది మంది ప్రాణాలు దక్కాయి. ఆమె కీర్తి దేశమంతటా వ్యాపించింది. కాని నాలుగేళ్ళు తిరిగిన కొద్దికాలానికే, 1842లో, క్షయవ్యాధి ఆమెను కబళించింది.

ఒక చిన్న పడవ - ముప్పైరెండు ప్రాణాలు

1952 ఫిబ్రవరి 18న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర తీరంలో మహోగ్రమైన మంచు తుపాను వీచింది. ఆ ఒక్క రోజే 'పెండిల్టన్', 'ఫోర్ట్ మెర్సర్' అనే రెండు చమురు ఓడలు కేప్ కాడ్ సమీపంలో నడిమికి విరిగిపోయాయి. పెండిల్టన్ ముందు భాగంలో ఉన్న ఓడ అధిపతి, మరి ఏడుగురు మరణించారు. వెనుక భాగంలో ముప్పైముగ్గురు నావికులు మిగిలి, కొట్టుకొనిపోతూ సహాయం కోసం ఎదురుచూశారు.

చాథమ్ కేంద్రం నుండి బెర్నార్డ్ వెబర్ అనే ఇరవైమూడేళ్ళ తీర రక్షకుడు మరి ముగ్గురితో కలసి ముప్పైయారు అడుగుల కొయ్య పడవలో బయలుదేరాడు. చాథమ్ రేవు మొగలో ఇసుకమేటలున్నాయి. లోతు లేని ఆ చోట అలలు నిట్టనిలువుగా లేచి విరుగుతాయి. అక్కడ ఒక అల పడవ ముందరి అద్దాన్ని పగులగొట్టింది, దిక్సూచి కొట్టుకొనిపోయింది. దిక్కు తెలియని చీకటిలోనే వారు ఓడను చేరారు. నిచ్చెన వెంట ఒక్కొక్కరే దిగుతుంటే, వెబర్ పడవను ఓడ ప్రక్కకు తెస్తూ, అల వచ్చినప్పుడు వెనుకకు తీస్తూ చుక్కాని నడిపాడు. పన్నెండు మందిని మాత్రమే కాపాడి తేవడానికి ఉద్దేశించిన పడవ అది. అందులోకి ముప్పైరెండు మంది చేరారు. చిట్టచివర దిగిన ఒక నావికుడు మాత్రం ఓడకూ పడవకూ మధ్య చిక్కి మరణించాడు. వెబర్ బృందంలోని నలుగురికీ అమెరికా ప్రభుత్వం ప్రాణరక్షణకిచ్చే స్వర్ణపతకం ప్రదానం చేసింది. ముప్పైరెండు ప్రాణాలు దక్కిన ఆ రాత్రి కూడా ఒక్క ప్రాణం చేజారిన వేదన లేకుండా తెల్లవారలేదు.

మౌజల్ గ్రామం

ఇంగ్లండుకు నైరుతి కొసన కార్న్‌వాల్ ప్రాంతంలో పెంజాన్స్ పట్టణానికి సమీపాన మౌజల్ అనే చిన్న మత్స్యకార గ్రామం ఉంది. దానికి దగ్గరలోనే పెన్లీ పాయింట్ వద్ద లైఫ్‌బోటు శాల ఉండేది. అందులోని పడవ పేరు 'సాలొమన్ బ్రౌన్'. 1960లో నిర్మించిన, నలభైయేడు అడుగుల కొయ్య పడవ అది. దానికి సరంగు ట్రెవెల్యాన్ రిచర్డ్స్, యాభైయారేళ్ళ అనుభవజ్ఞుడు.

1981 డిసెంబరు 19వ తేదీ. క్రిస్మస్ పండుగకు ఇంకా ఆరు రోజులున్నాయి. 'యూనియన్ స్టార్' అనే కొత్త సరుకు ఓడ తన తొలి ప్రయాణంలో హాలండులోని ఐమౌడెన్ రేవు నుండి ఎరువుల సరుకుతో ఐర్లండులోని ఆర్క్‌లో రేవుకు పోతున్నది. కెప్టెన్ హెన్రీ మోర్టన్‌తో పాటు నలుగురు సిబ్బంది ఓడలో ఉన్నారు. పండుగకు కుటుంబమంతా ఒకచోట ఉండాలని కెప్టెన్ త్రోవలో ఆగి భార్యను, ఆమె ఇద్దరు కుమార్తెలను కూడా ఎక్కించుకున్నాడు. మొత్తం ఎనిమిది మంది.

వుల్ఫ్ రాక్ దీపస్తంభానికి తూర్పున సుమారు ఎనిమిది మైళ్ళ దూరంలో ఓడ యంత్రాలు ఆగిపోయాయి. ఇంధనంలో సముద్రపు నీరు కలసినందువల్ల వాటిని తిరిగి నడిపించడం సాధ్యం కాలేదు. యంత్రం ఆగిన ఓడ గాలికి, అలకు బానిస. గాలి తీరం వైపు వీస్తున్నది. దాని వేగం బ్యూఫోర్ట్ కొలమానంలో చివరి మెట్టయిన పన్నెండవ స్థాయికి చేరింది. అలలు దాదాపు పద్దెనిమిది మీటర్ల ఎత్తు వరకు లేచాయి. 1977 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి గాలి, నీరు ఏకమైనప్పటి బీభత్సాన్ని వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గ్రహించాలి. తుపానులో చిక్కిన నావకు తీరం దగ్గరపడుతున్నకొద్దీ క్షేమమని సామాన్యులు భావిస్తారు. నిజానికి అదే పెద్ద గండం. నడిసముద్రంలో అల ఎత్తుగా లేచినా, నావ దానితో పాటు లేచి పడగలదు. తీరం సమీపించి లోతు తగ్గితే అల నిటారుగా లేచి విరుగుతుంది. కొండరాళ్ళకు కొట్టుకొన్న నీరు తిరిగివచ్చి ఎదురు వచ్చే అలను ఢీకొంటుంది. అక్కడ నావకు ఒక దారీ తెన్నూ ఉండదు. యూనియన్ స్టార్ అటువంటి రాతితీరం వైపే కొట్టుకొనిపోసాగింది.

మొదట కల్‌డ్రోజ్ నౌకాదళ స్థావరం నుండి 'సీ కింగ్' హెలికాప్టర్ వచ్చింది. దానిని నడిపినవాడు అమెరికా నౌకాదళానికి చెందిన రసెల్ స్మిత్. ఓడలోని వారిని తాడుతో పైకి లాగడానికి ఎంత ప్రయత్నించినా ఫలించలేదు. ఓడ మీది పొడవైన స్తంభం అలల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ హెలికాప్టర్ రెక్కలను తాకేంత దగ్గరకు వస్తుండినది. ఇక మిగిలిన ఆశ లైఫ్‌బోటు ఒక్కటే.

ఎనిమిది మంది

పిలుపు అందగానే అవసరమైన దానికంటె ఎక్కువమందే పడవశాలకు చేరారు. రిచర్డ్స్ వారి నుండి ఏడుగురిని ఎంచుకున్నాడు. యంత్ర నిపుణుడు స్టీఫెన్ మాడ్రన్, నైజెల్ బ్రాక్‌మన్, జాన్ బ్లూయెట్, ఛార్లీ గ్రీన్‌హా, కెవిన్ స్మిత్, బ్యారీ టోరీ, గ్యారీ వాలిస్ ఆ ఏడుగురు. నైజెల్ బ్రాక్‌మన్ కుమారుడు పదిహేడేళ్ళ నీల్ కూడా తండ్రితో పాటు వచ్చి తానూ ఎక్కుతానన్నాడు. రిచర్డ్స్ అంగీకరించలేదు. అటువంటి రాత్రి ఒకే ఇంటి నుండి ఇద్దరిని తీసుకుపోవడం తగదని ఆయన నిశ్చయం. ఆ ఒక్క నిర్ణయం చాలు, రాబోయే ప్రమాదం సరంగుకు తెలియనిది కాదని చెప్పడానికి. తెలియక వెళ్ళడం అమాయకత్వం. తెలిసి, లెక్కవేసుకొని, ఒక యువకుని ఒడ్డున నిలిపి, తాను వెళ్ళడం ధీరత్వం.

రాత్రి 8 గంటల 12 నిమిషాలకు సాలొమన్ బ్రౌన్ నీటిలోకి జారింది. రాళ్ళకు అతి చేరువలో ఉన్న ఓడను చేరి, దాని ప్రక్కకు రావడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ఒకసారి అల పడవను ఎత్తి ఏకంగా ఓడ తట్టుమీదకే విసిరింది. పడవ మళ్ళీ నీటిలోకి జారి, మళ్ళీ ప్రక్కకు చేరింది. హెలికాప్టర్ నుండి ఆ పోరాటాన్ని రసెల్ స్మిత్ బృందం ప్రత్యక్షంగా చూసింది. ఓడలోని వారు కొందరు కమ్మీ వద్దకు పరుగెత్తడం, పడవలోని వారు చేతులు చాచి వారిని అందుకోవడం వారికి కనిపించింది. పడవ వెనుదిరుగుతున్నదని భావించి హెలికాప్టర్ స్థావరానికి మరలింది.

కొద్దిసేపటికి తీర రక్షణ కేంద్రానికి సాలొమన్ బ్రౌన్ నుండి రేడియోలో కబురు వచ్చింది. నలుగురిని దింపుకొన్నామని, ఓడలో ఇంకా ఇద్దరు ఉన్నారని దాని సారాంశం. ఆ మాట పూర్తి కాకుండానే శబ్దం తెగిపోయింది. కేంద్రం ఎన్నిసార్లు పిలిచినా బదులు రాలేదు.

పొరుగు రేవుల లైఫ్‌బోట్లు వెదకడానికి బయలుదేరాయి. సెన్నెన్ కోవ్ పడవ ఆ అలలకు ఎదురీది లాండ్స్ ఎండ్ అగ్రాన్ని దాటలేకపోయింది. తెల్లవారేసరికి టేటర్ డూ దీపస్తంభం సమీపాన రాళ్ళపై యూనియన్ స్టార్ తలక్రిందులై పడి ఉంది. సాలొమన్ బ్రౌన్ ముక్కలు మాత్రమే తీరానికి కొట్టుకొని వచ్చాయి. ఓడలోని ఎనిమిది మంది, పడవలోని ఎనిమిది మంది, మొత్తం పదహారు మందిలో ఒక్కరూ మిగలలేదు. కొందరి దేహాలను సముద్రం తిరిగి ఇవ్వనే లేదు.

ఆ తరువాత

ఆ దుర్ఘటనపై జరిగిన విచారణ, యంత్రాలు బాగుచేయ వీలుకాని విధంగా చెడిపోవడం, వాతావరణ తీవ్రత ఓడ నాశనానికి కారణాలని తేల్చింది. ఓడలోని వారందరినీ కాపాడాలన్న పట్టుదలతో సరంగు, సిబ్బంది చేసిన వీరోచిత ప్రయత్న ఫలితంగానే లైఫ్‌బోటు నష్టమైందని అభిప్రాయపడింది. సంస్థ రిచర్డ్స్‌కు మరణానంతరం స్వర్ణపతకాన్ని, మిగిలిన ఏడుగురికి కాంస్య పతకాలను ప్రకటించింది. బాధిత కుటుంబాల కోసం ప్రజలు ముప్పై లక్షల పౌండ్లకు మించిన విరాళాలు ఇచ్చారు. ఆ ధనంపై పన్ను విధించే ఆలోచన ప్రభుత్వానికి కలిగినప్పుడు దేశమంతా నిరసించింది. ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకొంది.

వీటన్నింటికంటే గమనింపదగిన విషయం మరొకటి ఉంది. ఎనిమిది మందిని పోగొట్టుకొన్న ఒక్క రోజులోనే, కొత్త బృందానికి సరిపోయేటంతమంది స్వచ్ఛందంగా మౌజల్ నుండే ముందుకు వచ్చారు. 1983లో 'మేబెల్ ఆలిస్' అనే కొత్త లైఫ్‌బోటు న్యూలిన్ రేవుకు చేరింది. ఆ రాత్రి ఒడ్డున నిలిచిపోయిన నీల్ బ్రాక్‌మన్, తరువాతి కాలంలో పెన్లీ లైఫ్‌బోటుకు సరంగు అయ్యాడు. తండ్రిని మ్రింగిన సముద్రంలోకే, ఇతరుల తండ్రులను కాపాడడానికి అతడు వెళ్ళాడు.

మౌజల్ రేవులో క్రిస్మస్ దీపాలంకరణ ప్రసిద్ధం. 1981లో ఆ దీపాలను వెలిగించినవాడు, రెండు రోజుల తరువాత పడవలో మరణించిన ఛార్లీ గ్రీన్‌హాయే. దుర్ఘటన తరువాత ఆరిపోయిన దీపాలను ఆయన భార్య కోరిక మీదనే తిరిగి వెలిగించారు. ఆనాటి నుండి ప్రతి సంవత్సరం డిసెంబరు 19 రాత్రి ఒక గంటసేపు ఆ దీపాలను ఆర్పి, గ్రామస్థులు మృతులను స్మరిస్తారు.

వీరమా? కరుణమా?

కరుణరసానికి శోకం స్థాయీభావం. తిరిగిరాని నష్టం వల్ల కలిగేది శోకం. వీరానికి ఉత్సాహం స్థాయి. మరి మౌజల్ కథలో ప్రధానరసం ఏది? ఫలితాన్ని బట్టి చూస్తే అది కరుణం; ఒక్క ప్రాణమైనా దక్కలేదు. సంకల్పాన్ని బట్టి చూస్తే అది వీరం. జీమూతవాహనుని నాటకాంతంలో గౌరీదేవి ప్రత్యక్షమై పునర్జీవితుని చేసింది. సముద్రంలో ఏ దేవతా ప్రత్యక్షం కాలేదు. కావ్యం ఇచ్చే ఊరట జీవితం ఇవ్వదు. అందువల్లనే నిజజీవితంలోని దయావీరుడు కావ్యనాయకునికంటె ఒక మెట్టు పైన నిలుస్తాడు.

నలుగురిని దింపుకొన్న తరువాత వెనుదిరిగి ఉంటే ఆ నలుగురూ, తామూ బ్రతికేవారు కదా అని ఎవరికైనా తోచవచ్చు. ఆ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. పన్నెండు ప్రాణాల క్షేమమా, ఇంకా ఓడలో ఉన్న రెండు ప్రాణాల కోసం మరొక ప్రయత్నమా? ఒడ్డున కూర్చొని తీరికగా ఆలోచించేవారికి ఇది లెక్క. పదిగజాల దూరంలో చేతులు చాచిన మనిషిని చూస్తున్న సరంగుకు ఇది లెక్క కాదు. ఆ క్షణంలో తీసుకొన్న నిర్ణయాన్ని ఫలితం తెలిసిన తరువాత తూచడం న్యాయం కాదు. వెబర్ కూడా పన్నెండు మంది నిండిన తరువాత ఆగలేదు. ఆగి ఉంటే ఇరవై కుటుంబాలు దిక్కులేనివయ్యేవి. ఆయన గెలిచాడు గనుక తెలివైనవాడు, రిచర్డ్స్ ఓడాడు గనుక తొందరపాటువాడు అనడం తగదు. ఇద్దరినీ నడిపిన సంకల్పం ఒక్కటే. వేరైనది సముద్రం తీర్పు.

త్యాగం విలువను దక్కిన ప్రాణాల సంఖ్యతో మాత్రమే కొలిస్తే, మౌజల్ లెక్క సున్న. కాని మరునాడే ముందుకు వచ్చిన ఆ గ్రామస్థులను, తండ్రి స్థానంలో నిలిచిన నీల్‌ను ఆ లెక్కలో చేర్చవలసి ఉంటుంది. ఆ తరువాతి ఏండ్లలో ఆ తీరాన దక్కిన ప్రతి ప్రాణంలోనూ ఆ ఎనిమిది మందికి భాగముంది.

అర్థాలు - వివరణలు

ఆపన్నులు : ఆపదలో ఉన్నవారు
స్థాయీభావం : రసంగా పరిణమించే స్థిరమైన చిత్తవృత్తి
వధ్యశిల : చంపడానికి ఏర్పరచిన రాతి గద్దె
జలాంతర్గతం : నీటి లోపల ఉన్నది
సరంగు : పడవ సిబ్బందికి పెద్ద
రేవు మొగ : రేవు సముద్రంలో కలిసే చోటు
చుక్కాని : పడవను త్రిప్పే సాధనం
దిక్సూచి : దిక్కులను తెలిపే పరికరం
కబళించు : మ్రింగు
బ్యూఫోర్ట్ కొలమానం : గాలి వేగాన్ని స్థాయిలుగా తెలిపే కొలత

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సాలొమన్ బ్రౌన్ సిబ్బంది చేసిన రక్షణ ప్రయత్నాన్ని వివరించండి.
2. 'ఫలితాన్ని బట్టి త్యాగం విలువ కట్టరాదు' అన్న అభిప్రాయాన్ని వెబర్, రిచర్డ్స్‌ల చరిత్రల ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. దయావీరం అంటే ఏమిటి? యుద్ధవీరానికీ దానికీ గల భేదం తెలపండి.
2. గ్రేస్ డార్లింగ్ సాహసాన్ని తెలపండి.
3. తుపానులో తీరం సమీపించడం నావకు ఎందుకు ప్రమాదకరం?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. యంత్రం ఆగిన ఓడ గాలికి, అలకు బానిస.
2. కావ్యం ఇచ్చే ఊరట జీవితం ఇవ్వదు.

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'నాగానందం' నాటకకర్త ఎవరు?
2. రిచర్డ్స్ నీల్‌ను పడవలోకి ఎందుకు అనుమతించలేదు?
3. మౌజల్‌లో డిసెంబరు 19 రాత్రి ఏమి చేస్తారు?

V. వ్యాకరణం
సంధులు : మహోగ్రం = మహా + ఉగ్రం (గుణసంధి); అత్యంత = అతి + అంత (యణాదేశ సంధి); మరణానంతరం = మరణ + అనంతరం (సవర్ణదీర్ఘ సంధి).
సమాసాలు : ప్రాణరక్షణ - ప్రాణం యొక్క రక్షణ (షష్ఠీ తత్పురుష); తండ్రీకూతుళ్ళు - తండ్రియు, కూతురును (ద్వంద్వ సమాసం); రెండు ప్రాణాలు - రెండు సంఖ్యగల ప్రాణాలు (ద్విగు సమాసం).